పర్లాకిమిడి మాస్టారి గ్రౌండు: ఆర్మీ భర్తీకి పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులకు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లే రోడ్డుకి దిగువన, మహేంద్రతనయ ఏటి ఒడ్డుకి దగ్గర్లో ఒక రిటైర్డు హవల్దారు పొద్దున్నే పిల్లల్ని సైన్యం భర్తీకి తయారుచేస్తారు. బోర్డు లేదు, పేరు కూడా పెట్టలేదు. పిల్లలు మాస్టారి గ్రౌండు అంటారు, మేమూ అలాగే అంటాం. మా చిన్నోడు అక్కడే తయారయ్యాడు. పంపొచ్చా, డబ్బుకి న్యాయం జరుగుతుందా అని తెలిసినవాళ్లు అడుగుతుంటే ఒక్కొక్కరికి ఫోనులో చెప్పలేక ఇలా రాస్తున్నాను. నేను ఇంటి దగ్గర బ్లౌజులు, స్కూలు యూనిఫారాలు కుడతాను. మా నాన్న 17 ఏళ్లు సైన్యంలో చేసి నాయక్‌గా వచ్చేశారు. ఆయన పింఛనుతో పెరిగిన ఇల్లు మాది.

ఫీజు నెలకు 800. అడ్మిషను అనీ డ్రెస్సు అనీ పైన ఇంకేం తీసుకోరు. గుమ్మా వైపు కొండల నుంచి వచ్చే సవర పిల్లలు కొందరు 300 ఇస్తారు, కొందరు అదీ ఇవ్వలేరు, వాళ్లను ఆయన అడగరు. షూ మాత్రం మనం కొనుక్కోవాలి. అడుగు అరిగిన షూతో వస్తే ఆ రోజు పరుగు లేదు, పక్కన ఇనప పైపు పట్టుకుని లేచే కసరత్తు చేయిస్తారు. పొద్దున్న నాలుగున్నరకి విజిల్ వేస్తారు. ఆలస్యంగా వచ్చినవాడు ఎవడి కొడుకైనా గేటు బయటే.

పరుగు దగ్గర ఈయన్ని మించినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరని నా నమ్మకం. సైన్యం భర్తీకి పెట్టే ర్యాలీ అనే శరీర పరీక్షలో 1.6 కిలోమీటర్లు పరిగెత్తాలి, అంటే 400 మీటర్ల గ్రౌండు నాలుగు చుట్లు. ఐదున్నర నిమిషాల్లోపు వస్తే 60 మార్కులు. ఒక్క సెకను దాటినా, 5 నిమిషాల 45 సెకన్ల వరకు, 48 మార్కులే. ఆ 12 మార్కుల దగ్గరే మెరిట్‌లో పేరు ఉండటమో ఊడటమో జరుగుతుంది. కొత్తగా వచ్చిన గుంటలంతా మొదటి చుట్టు గుర్రాల్లా పరిగెత్తేసి మూడో చుట్టులో డొక్క పట్టుకుని నిలబడిపోతారు. మాస్టారు మొదటి చుట్టు 80 సెకన్లకంటే ముందు వచ్చినవాడిని తిడతారు, వెనకబడినవాడిని తిట్టరు. నాలుగు చుట్లూ సమానంగా తిరగడం నేర్పడానికే నెలలు పడుతుంది. దాని తరవాత ఇంకొకటి చేయిస్తారు. పిల్లలందరినీ ఒకే గీత మీద భుజాలు ఆనుకునేలా నిలబెట్టి ఒకేసారి వదులుతారు. ర్యాలీలో పెద్ద గుంపుగానే వదులుతారు కాబట్టి మొదటి మలుపులో మోచేతులు తగులుతాయి, మడమ తొక్కుతారు, పడిపోతారు. ఆ తోపులాట ఇక్కడే అలవాటైపోవాలి అంటారాయన. మా వాడి బనియను రెండుసార్లు భుజం దగ్గర చిరిగింది, నేనే కుట్టాను.

బీమ్ అంటే ఇనప పైపు పట్టుకుని పైకి లేవడం. పది చేస్తే 40 మార్కులు, ఆరు చేస్తే 16, ఆరుకి తగ్గితే ఇంటికే. గడ్డం పైపు దాటాలి, కిందికి దిగినప్పుడు మోచేతులు పూర్తిగా సాగాలి. పిల్లలు తొమ్మిది చేశామని మురిసిపోతుంటే మాస్టారి లెక్కలో ఆరే ఉంటాయి. ఆ లెక్క గట్టిది కాబట్టే అక్కడ ర్యాలీలో మావాడికి ఏదీ తగ్గలేదు. తొమ్మిది అడుగుల గొయ్యి, జిగ్‌జాగ్ బ్యాలెన్సు కూడా ఉన్నాయి. వాటికి మార్కులు లేవు, దాటితే చాలు.

నా చేతి పనికి సంబంధించిన సంగతి ఒకటి చెప్తాను, తల్లిదండ్రులకు పనికొస్తుంది. ఛాతీ 77 సెంటీమీటర్లు ఉండాలి, ఊపిరి నిండా పీలిస్తే ఇంకో 5 పెరగాలి. మొదట్లో మావాడికి మాస్టారు కొలిస్తే 76 వచ్చింది. ఇంట్లో నేను కొలిస్తే 77 దాటింది. వాడు భయపడిపోయాడు. నేను గ్రౌండుకి వెళ్లి ఆయన టేపు చూశాను. గుడ్డ టేపు, ఎన్నో ఏళ్లది, మొదట్లో ఇనప బిళ్ల ఊడిపోయింది, పట్టుకుని లాగీ లాగీ సాగిపోయింది. సాగిన టేపు తక్కువ చూపిస్తుంది. మా పనిలో ఇది మామూలు విషయం, ఏడాదికోసారి టేపు మార్చకపోతే జాకెట్టు బిగుతైపోతుంది. నా సంచిలోంచి ఫైబరు టేపు తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన అక్కడికక్కడే పిల్లలందరినీ వరసలో నిలబెట్టి మళ్లీ కొలిచారు. "చెల్లెమ్మా, ఈ టేపుతో ఇద్దరు పిల్లల్ని నేను వెనక్కి పంపేశాను" అని ఆ సాయంత్రమే వాళ్ల ఊరికి కబురు పెట్టారు. అందులో ఒకడు మళ్లీ వచ్చాడు. ఇలా నలుగురిలో ఒప్పుకుని సరిదిద్దుకునే మనిషి దగ్గరికి పిల్లాడిని ధైర్యంగా పంపొచ్చు అని నాకు ఆ రోజే అనిపించింది.

మన సరిహద్దు వాళ్లకి ఎత్తు దగ్గర వేరే చిక్కు ఉంది. ఒడిశా తూర్పు మైదాన ప్రాంతం కిందికి వస్తుంది కాబట్టి జనరల్ డ్యూటీకి, అంటే మామూలు సిపాయి ఉద్యోగానికి, ఇక్కడి పిల్లాడికి 169 సెంటీమీటర్లు కావాలి. ఏరు దాటి పాతపట్నంలో ఉంటే దక్షిణ ప్రాంతం, 166 చాలు. మేం ఇక్కడ గోపాలపూర్ రిక్రూటింగ్ ఆఫీసు కింద, వాళ్లు అక్కడ విశాఖపట్నం ఆఫీసు కింద. మా అన్నయ్య కొడుకు పాతపట్నంలో ఉంటాడు, 167 ఉంటాడు. ఒకే గ్రౌండులో, ఒకే విజిల్‌కి పరిగెత్తే ఇద్దరు బావామరుదుల్లాంటి పిల్లల్లో ఒకడికి సరిపోయిన ఎత్తు ఇంకొకడికి సరిపోదు. ఆదివాసీ పిల్లలకు 162 చాలు. మాజీ సైనికుడి కొడుకుకి కాస్త సడలింపు ఉంది, మనవడికి లేదు. మా నాన్న సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్లి అడిగొచ్చారు పాపం. మాస్టారు చేర్చుకునే రోజే ఎత్తు కొలిచి, నేటివిటీ ఏ రాష్ట్రమో అడిగి, పనికిరాదనుకుంటే ఆ మాట ముఖం మీదే చెప్పేస్తారు. ఆ 800 ఆయన వదులుకుంటారు, మనకి ఏడాది మిగులుతుంది.

ఇంకో ఊళ్లో ఒక పెద్ద అకాడమీకి మా వీధి పిల్లాడు వెళ్లాడు. పేరు రాయను. హాస్టలుతో కలిపి ఒకేసారి పెద్ద మొత్తం కట్టించుకున్నారు, ఉద్యోగం గ్యారంటీ అన్నారు, మెట్రిక్ సర్టిఫికెట్ ఒరిజినల్ వాళ్ల బీరువాలో పెట్టుకున్నారు. ఆ పిల్లాడి ఎత్తు 167. ఒడిశా నేటివిటీ. మొదటి రోజే కొలిచి చెప్పాల్సిన మాట ఎవరూ చెప్పలేదు. సర్టిఫికెట్ వెనక్కి తెచ్చుకోవడానికి వాళ్ల నాన్న చెప్పులు అరిగేలా తిరిగాడు. గ్యారంటీ అనే మాట ఎక్కడ వినిపించినా అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

అసలు నేను ఇంత పొడుగున రాయడానికి కారణం మాస్టారి శనివారం క్లాసు. శనివారం పరుగు తక్కువ. పిల్లలందరినీ వేపచెట్టు కింద కూర్చోబెట్టి, ఆయన బ్లాకుబోర్డు మీద అగ్నివీర్ జీతం లెక్క వేయిస్తారు. ఇప్పుడు సిపాయిలుగా చేరేవాళ్లని నాలుగేళ్లకే తీసుకుంటారు, వాళ్లనే అగ్నివీర్లు అంటారు. చెప్పరు, పిల్లల చేతే వేయిస్తారు. మొదటి ఏడాది నెలకు 30,000. అందులో 30 శాతం, అంటే 9,000, సేవానిధికి, అంటే బయటికి వచ్చేటప్పుడు ఒకేసారి ఇచ్చే మొత్తానికి, కోస్తారు, చేతికి 21,000. రెండో ఏడాది 33,000, మూడో ఏడాది 36,500, నాలుగో ఏడాది 40,000. నాలుగేళ్ల కోత కూడితే 5,02,200. అంతే మొత్తం ప్రభుత్వం వేస్తుంది. వడ్డీతో కలిపి బయటికి వచ్చేటప్పుడు 11.71 లక్షలు, దానికి ఆదాయపు పన్ను లేదు. నలుగురిలో ఒకరిని ఉంచుతారు, ముగ్గురు వచ్చేస్తారు. ఆ ముగ్గురికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. సర్వీసులో ఉండగా ప్రాణం పోతే 48 లక్షల ఇన్సూరెన్సు ఉంది. ఇంత వేయించి సుద్దముక్క కింద పెట్టి, "ఇప్పుడు చెప్పండి, 22 ఏళ్లకి మీ ఊరు తిరిగొచ్చాక ఏం చేస్తారు?" అని ఒక్కొక్కడిని లేపి అడుగుతారు. జవాబు లేనివాడికి వచ్చే శనివారం దాకా గడువు. ఒక సవర కుర్రాడు ఫారెస్టు గార్డు అన్నాడు. కాశీనగర్ కుర్రాడు జీడిపప్పు వ్యాపారం అన్నాడు. మావాడు మొదటిసారి తల దించుకుని కూర్చున్నాడట, ఇంటికొచ్చి అన్నం తినలేదు.

నేను ఆ క్లాసుకి ఒకసారి వెళ్లి వెనక కూర్చున్నాను. నాన్నని కూడా తీసుకెళ్లాను. మాస్టారూ నాన్నా ఒకరికొకరు రామ్ రామ్ సాబ్ అని పలకరించుకున్నాక పిల్లలంతా నిటారుగా కూర్చున్నారు. బోర్డు మీద రెండో లెక్క చూశాను, అది నా మనసులోంచి పోవడం లేదు. 2025-26కి దేశ రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. అందులో పింఛన్లకే దాదాపు 1.61 లక్షల కోట్లు, ఆయుధాలూ విమానాలూ ఓడలూ కొనడం లాంటి పెట్టుబడి ఖర్చుకి 1.80 లక్షల కోట్లు. అంటే కొత్త తుపాకికి పెట్టేదానికీ పాత సిపాయికి పెట్టేదానికీ పెద్ద తేడా లేదు. ఈ పింఛన్ల మొత్తం ఇలా పెరుగుతూ పోతే కొనుగోళ్లకు డబ్బు చాలదని చాలా ఏళ్లుగా లెక్కలు కట్టేవాళ్లు అంటూనే ఉన్నారు. 2022 జూన్ 14న ఈ అగ్నివీర్ల పథకం, అగ్నిపథ్, ప్రకటించినప్పుడు ప్రభుత్వం చెప్పిన కారణం వేరే. సైన్యం సగటు వయసు 32 నుంచి 26కి తగ్గి కుర్ర సైన్యం అవుతుందన్నారు. అందులో నిజం ఉండొచ్చు, కొండల మీద యుద్ధానికి కుర్రకాళ్లే కావాలి. కాని నాలుగేళ్లకి వచ్చేసే ముగ్గురికి జన్మలో పింఛను కట్టక్కర్లేదన్నదీ అంతే నిజం.

ప్రతి ఫిబ్రవరిలో పేపరు రక్షణ బడ్జెట్ పెరిగిందనే రాస్తుంది. పెరిగిన మాట అబద్ధం కాదు. రక్షణ ఖర్చు తగ్గించారని ఎవరైనా అంటే, మొత్తం చూపించి కాదనొచ్చు. మా ఇంటికొచ్చి చూడండి, ఎక్కడ తగ్గిందో కనబడుతుంది. మా నాన్న ఆరోజుల్లో 15 ఏళ్లు నిండితే పింఛను ఖాయమని లెక్కపెట్టుకుని, మంచులో, ఎడారిలో చేసి వచ్చారు. ఆ పింఛనుతో రెండు గదుల స్లాబు వేశారు, నన్నూ అప్పనీ పెళ్లి చేసి పంపారు, నా కుట్టు మిషను కొనిచ్చారు. ఇప్పటికీ నవంబరులో బతికే ఉన్నానని జీవన ప్రమాణ పత్రం ఇచ్చి వచ్చాక ఆయన ముఖంలో ఒక నిశ్చింత ఉంటుంది. అదే దేశం కోసం, అదే ఎండలో, ఆయన మనవడు పరిగెడుతున్నాడు. వాడికి ఆ నిశ్చింత నలుగురిలో ఒకరి వంతు. ఇది నాకు న్యాయంగా అనిపించదు. నేను ఏ పార్టీ మనిషినీ కాను. దేశానికి విమానాలు కావాలి, కొననీయండి. సరిహద్దు మీద నిలబెట్టిన మనిషి ముసలితనం లోంచి ఆ డబ్బు తీయకూడదు అంటున్నాను, అంతే.

నాన్న ఆ రోజు క్లాసులో ఒక్క మాటే అన్నారు. "నాలుగేళ్లకి మనిషి చెయ్యి రైఫిల్‌కి అలవాటు పడుతుంది, అప్పుడే కదా పంపేస్తున్నారు" అని. మాస్టారు కాదనలేదు. "నిజమే సాబ్, అందుకే వీళ్లకి ఇంకో చెయ్యి కూడా నేర్పించి పంపుదాం అనుకుంటున్నాను" అన్నారు. మాటవరసకి అన్నది కాదు. తిరిగొచ్చాక కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో 2022లోనే 10 శాతం కోటా ప్రకటించారని, ఒడిశా ప్రభుత్వం కూడా 2024 జులైలో యూనిఫారం ఉద్యోగాల్లో 10 శాతం, వయసులో ఐదేళ్ల సడలింపు ప్రకటించిందని చెప్పి, సర్వీసులో ఉండగానే డిగ్రీ దూరవిద్యలో కట్టమని ప్రతివాడి చేతా మాట తీసుకుంటారు.

ఆయన దగ్గర ఒక పాత కాగితం ఉంది, పార్లమెంటులో చెప్పిన అంకెలు. 2018-19లో సైన్యంలోకి 53,431 మందిని, 2019-20లో 80,572 మందిని తీసుకున్నారు. కరోనా తరవాత రెండేళ్లు ఒక్కరినీ తీసుకోలేదు. అగ్నిపథ్ మొదలయ్యాక మొదటి ఏడాదికి మూడు దళాలకూ కలిపి అనుకున్నది 46,000. ఆ రెండేళ్లలో ఈ గ్రౌండులో పరిగెత్తి వయసు దాటిపోయిన కుర్రాళ్లు ఇప్పుడు ఆటో తోలుతున్నారు, ఒకాయన మా వీధిలోనే పాల పాకెట్లు వేస్తాడు. 2022లో ఒక్కసారికి వయసు 23 దాకా పెంచారు, కొందరికి పనికొచ్చింది, వీళ్లకి రాలేదు. మాస్టారు వాళ్లని పిలిచి చిన్నవాళ్లకు పరుగు నేర్పమని పని ఇచ్చారు, నెలకు కొంత ఇస్తారు. ఇది నాకు చాలా నచ్చింది.

కాగితాల దగ్గర కూడా ఈయన సాయం బాగుంది. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు, ఒడిశా మెట్రిక్ సర్టిఫికెట్లో కొందరికి ఇంటిపేరు చివర. ఆధార్‌లో ఇంకో రకం. ర్యాలీ గేటు దగ్గర ఇలాంటి తేడాకే పిల్లలు ఆగిపోతారు. మాస్టారు చేరిన వారంలోనే అన్నీ తెప్పించి ఎర్ర పెన్నుతో గీస్తారు. తహసీల్దారు దగ్గర రెసిడెంట్ సర్టిఫికెట్, సర్పంచి దగ్గర నడవడిక పత్రం, పెళ్లి కాలేదన్న పత్రం, తెల్ల బ్యాక్‌గ్రౌండుతో 20 ఫొటోలు. ఇవన్నీ ముందే సిద్ధం చేసుకున్న పిల్లాడు ర్యాలీ రోజు పరుగు గురించి మాత్రమే ఆలోచిస్తాడు.

ఇక లోట్లు. రాతపరీక్షకి ఈయన్ని నమ్ముకోవద్దు. 2023 నుంచి కంప్యూటర్ పరీక్ష ముందు, ర్యాలీ తరవాత. గంటలో 50 ప్రశ్నలు, తప్పు జవాబుకు మార్కు కోత. ముందు అది దాటకపోతే ఈ పరుగంతా వృథా. మాస్టారు లెక్కలు బాగానే చెప్తారు, జనరల్ సైన్సు, రీజనింగ్ దగ్గర పాత గైడు చదివి వినిపిస్తారు. 2025 నుంచి పరీక్ష తెలుగులోనూ ఒడియాలోనూ రాయొచ్చు, అంతకుముందు హిందీ, ఇంగ్లీషే. ఇది పెద్ద ఊరట. కాని ఒడియా మీడియంలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలు ఏ భాష ఎంచుకోవాలో ముందే తేల్చుకుని ఆ భాషలోనే సాధన చేయాలి. మావాడు ఒడియాలో రాశాడు. దీనికి వేరే ట్యూషను పెట్టించాం, మీరూ పెట్టించండి.

గ్రౌండులో మరుగుదొడ్డి లేదు. శ్రావణ భాద్రపదాల్లో గొయ్యి నీళ్లతో నిండిపోతే రోడ్డు మీద పరిగెత్తిస్తారు, తారు రోడ్డు మీద పరుగుతో పిక్క ముందు ఎముక నొప్పి పట్టుకుంటుంది. మా వాడికి పట్టుకుంది. నొప్పి అన్నా మొదటి రోజుల్లో ఆయన వినలేదు, ఆసుపత్రి చీటీ చూపించాకే విశ్రాంతి ఇచ్చారు. నొప్పికి, బద్ధకానికి తేడా ఆయన ఇంకాస్త త్వరగా చూడాలి. తిండి సంగతి మన చేతిలో ఉంది. పొద్దున్నే చోడి (రాగి) అంబలి, పరుగు తరవాత నానబెట్టిన సెనగలు, రెండు గుడ్లు. డబ్బాల్లో వచ్చే పొడుల జోలికి పోవద్దని ఆయనే చెప్తారు, అమ్మకానికి ఏమీ పెట్టుకోలేదు.

ఎవరికి పనికొస్తుందంటే, 17 నిండి 20 లోపు ఉండి, ఎత్తు సరిపోయి, నాలుగేళ్ల సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి పంపేవాళ్లకి. మావాడు పరుగు ఐదున్నరలోపు ముగించాడు, మెడికల్ అయింది, మెరిట్ లిస్టు కోసం చూస్తున్నాం. శనివారం ప్రశ్నకి వాడి జవాబు ఇప్పుడు తయారుగా ఉంది. ఆ సేవానిధి డబ్బుతో నా దగ్గర రెండు మోటారు మిషన్లు వేసి స్కూలు యూనిఫారాల కాంట్రాక్టు పడతాడట, డిగ్రీ పూర్తి చేస్తూ పోలీసు పరీక్ష రాస్తాడట. నాన్న విని చాలాసేపు లెక్కలు అడిగారు.

మాస్టారు ఇది చదివితే ఒక విన్నపం. మిలటరీ పోలీసులోకి ఆడపిల్లల్ని కూడా అగ్నివీర్లుగా తీసుకుంటున్నారు. మా అప్ప కూతురు కాశీనగర్‌లో స్కూలు మీట్‌లో పరుగులో మొదట వచ్చింది. సాయంత్రం ఒక గంట ఆడపిల్లలకి వేరే బ్యాచ్ పెట్టండి, రేకులతో ఒక మరుగుదొడ్డి కట్టండి. రేకుల ఖర్చులో నా వంతు నేనిస్తాను, పిల్లకి ట్రాక్ సూటు కూడా కుట్టి ఉంచాను.